రాయి, రేకు, రాగము

రైల్వే కోడూరు పండ్లతోటల నీడలను దాటి ఓబులవారిపల్లె దెసకు సాగిపోవు బాటసారికి మంగంపేట కనబడకముందే దాని జాడ కనబడును. దారి ప్రక్కల చింతాకుమీద, బడ్డీకొట్టు తడికమీద, నిలిచియున్న లారీల పట్టాలమీద బూడిదవన్నె మెత్తని పొడి పలుచగా పేరుకొనియుండును. అది ముగ్గురాయి పొడి. శాస్త్రజ్ఞులు బెరైటీసు అనియు, బేరియం సల్ఫేటు అనియు పేర్కొను ఈ ఖనిజమును మన సీమవారు తమ వాకిళ్లనుబట్టి పిలుచుకొనిరి. తెల్లవారకముందే పేడనీళ్లు చల్లి, వ్రేళ్ల సందున పొడి జారవిడుచుచు, ఎక్కడను తెగని గీతను చుక్కల చుట్టును నడిపించు ఆడబిడ్డల చేతిపని ఈ రాతికి పేరు పెట్టినది. ఒక ముక్కను చేతికి తీసికొన్నవాడు క్షణకాలము నివ్వెరపోక తప్పదు. చూపునకు సామాన్యమైన రాయి, చేతికి ఇనుపగుండు. నీటికంటె నాలుగు రెట్లకు పైగా బరువైన ఈ రాతికి పాశ్చాత్యులు పెట్టిన పేరునకును గ్రీకు భాషలో బరువనియే అర్థము.

భూవిజ్ఞానులు కడప శిలాశ్రేణి యని వ్యవహరించు ఈ ప్రాచీనమైన పొరలు నూరు కోట్ల సంవత్సరములకు మించిన వయస్సు గలవి. పులివెందుల, వేంపల్లె ప్రాంతములలో ముగ్గురాయి తెల్లని సిరలుగా ఇతర శిలల నడుమ దూరియుండగా, మంగంపేటలో అది బూడిదవన్నెతో, పొరలు పొరలుగా, పెద్ద పానుపువలె పరుచుకొనియున్నది. దాని పరిమాణము సుమారు 7 కోట్ల 40 లక్షల టన్నులని అంచనా. ఒక్కచోట ఇంత ముగ్గురాయి ప్రపంచమున మరెక్కడను లేదు. గని అంచున నిలిచి క్రిందికి చూచినచో, మెట్లు మెట్లుగా దిగిపోవు ఆ మహాగర్తమున లారీలు చీమలబారువలె తోచును.

అయినను ఆ బరువు నా అరచేతికి తగిలిన క్షణమున నాకు గనిగాని, గనివలన వచ్చు ధనముగాని తలపునకు రాలేదు. మా జేజినాయన గ్రామఫోను ప్లేటు తలపునకు వచ్చినది. ఆయన మామిడికాయల బేరమునకు కోడూరు నుండి రైలెక్కి మద్రాసు పోవుచుండెడివాడు. ఒక ఏడు కాపు బాగుగా వచ్చిన సంతోషమున గ్రామఫోను పెట్టెయు, కాగితపు సంచులలో డజను ప్లేట్లును కొనితెచ్చెను. సాయంకాలము అరుగుమీద పెట్టె తెరిచి, కీ ఇచ్చి, కుక్కబొమ్మ ప్లేటును దానిపై నిలిపి ముల్లు మోపునప్పటికి వీథి వీథియంతయు అక్కడనే ఉండెడిది. పెట్టెను తాకు అధికారము పిల్లలకు లేదు. ప్లేటును అందించు భాగ్యము మాత్రము ఒక్కొక్కప్పుడు నాకు లభించెడిది. అప్పుడెల్ల మా జేజి, “అంచు పట్టుకోవల్లరా నాయనా, నడుమ తాకబాకు” అని హెచ్చరించుచునే యుండెడిది.

ఒకనాడు ఆ ప్లేటు నా చేతినుండి జారి బండలమీద పడి మూడు ముక్కలయ్యెను. ఏడ్చుచు ఆ ముక్కలను ఏరికొన్నప్పుడు, పైన అద్దమువలె నిగనిగలాడు ప్లేటు విరిగినచోట గరుకుగా, కాంతిలేక, ముదురు బూడిదవన్నెతో, అప్పుడే పగిలిన బండ అంచువలె ఉండుట చూచి ఆశ్చర్యపడితిని. జేజినాయన కోపపడలేదు. నా తల నిమిరి, “రాయి కదరా, పగలకుండా ఉంటాదా” అని మాత్రము అనెను.

ఓదార్పునకు అనిన ఆ మాట అక్షరాల సత్యమని నాకు చాల ఏండ్లకుగాని తెలియలేదు. ఎడిసన్ 1877లో కనిపెట్టిన ఫోనోగ్రాఫు శబ్దమును గొట్టముమీద గీయగా, ఎమిల్ బెర్లినర్ 1887లో చదునైన పలకమీద గీయు విధానమును తెచ్చెను. గొట్టమునకు లేని సౌలభ్యము పలకకు కలదు: ఒక అచ్చు సిద్ధమైనచో పుస్తకము అచ్చొత్తినట్లు వేలకొలది ప్రతులు ఒత్తవచ్చును. దేనిమీద ఒత్తవలెనన్నదే సమస్య. మొదట వాడిన గట్టిరబ్బరు అచ్చునందలి సూక్ష్మరేఖలను సరిగా పట్టుకొనకుండెను. 1895 ప్రాంతమున బెర్లినర్ బృందమునకు అమెరికాలోని నూఅర్క్ పట్టణమున గుండీలు మొదలగు వస్తువులను పోతపోయు డ్యూరనాయిడ్ కంపెనీ దిక్కైనది. వారి దినుసులేవో బెర్లినర్ సహచరుడు ఫ్రెడ్ గైస్‌బర్గ్ తన స్మృతులలో చెప్పియున్నాడు: లక్కపొడి, ముగ్గురాతిపొడి, వానిని పెనవైచి పట్టుకొనుటకు ప్రత్తినూగు, నలుపునకు దీపపుమసి. ఏ యింట ఏ కాలమున వెదకినను దొరకు సామగ్రియే ఇది. ముగ్గు, లక్క, ప్రత్తి, కాటుక అను ఈ నాలుగింటి కలయికవలన మానవకంఠము చిరకాలము నిలుచు దేహమును పొందినది.

ఆ మిశ్రమమున లక్క నాల్గవపాలునకు అటునిటుగా మాత్రమే ఉండెడిది. తక్కినదానిలో అధికభాగము ఖనిజపు పొడియే. కాలక్రమమున ముగ్గురాతికి తోడుగా పలకరాతిపొడి, సున్నపురాతిపొడి మొదలైనవియు చేరినవి. లక్క బంధము, రాయి బలము. లక్కయో, మన దేశపు సొత్తు. చోటానాగపూరు అడవులలో మోదుగ, రేగు మొదలగు చెట్ల కొమ్మలమీద లక్కపురుగులు స్రవించు జిగురును గిరిజనులు గీకి తీయగా, అది శుద్ధియై కలకత్తా రేవునుండి ఓడలకెక్కి లోకమంతటికిని పోయెడిది. పూర్వము పాండవులను దహింపజూచిన లక్కయిల్లు మనకు తెలియును. ఇరువదవ శతాబ్దమున అదే లక్క గాయకులను మృత్యువునుండి కాపాడు ఇల్లైనది.

1902 నవంబరులో గైస్‌బర్గ్ కలకత్తాలో గాయని గౌహర్ జాన్ మొదలగువారి పాటలను పట్టెను. పాట ముగియగనే ఆమె తన పేరు తాను స్పష్టముగా చెప్పుకొనుట ఆ ప్లేట్లలో నేటికిని వినవచ్చును. ఆ అచ్చులు జర్మనీలోని హనోవరుకు పోయి ప్లేట్లై తిరిగివచ్చెను. మన లక్క సముద్రము దాటిపోయి, మన పాటను మోసికొని మరల సముద్రము దాటివచ్చుట కొన్నియేండ్లు సాగినది. 1908లో కలకత్తాలోని సియాల్దావద్ద కర్మాగారము వెలసినంతట ఆ ప్రయాణము తప్పినది. తరువాతి కాలమున కలకత్తా చేరువనున్న డండం కర్మాగారము దేశమున కంతటికిని ప్లేట్ల పుట్టినిల్లయ్యెను.

ప్లేటు పుట్టుకను ఒకింత దగ్గరగా చూతము. గాయకుని గొంతు కొమ్ముద్వారమున చొచ్చి సన్నని పొరను కదిలించగా, ఆ కదలిక మైనపు పలకమీద గీతయై పడును. ఆ మైనముమీద విద్యుత్తు సాయమున రాగిపూత ఎక్కించి, పూతను ఊడదీసి అచ్చులు చేయుదురు. లక్కముద్దను వేడిచేసి రెండు అచ్చుల నడుమ ఒత్తినచో ఇరువైపుల పాటగల ప్లేటు సిద్ధమగును. ఒక వైపున నున్న గాడి ఒక్కటియే. అంచున మొదలై, ఎక్కడను తెగక, చుట్లు చుట్లుగా తిరుగుచు నడిమికి చేరును. మా జేజి వాకిట వేసిన ముగ్గుకును దీనికిని భేదమెంత! ఆమె గీతను కన్ను చదువును, ఈ గీతను ముల్లు చదువును. ఇనుపముల్లు గాడిలో నడుచునప్పుడు రాతిపొడి దానిని అరగదీసి గాడి ఆకారమునకు సరిపరుచును. అందుచేతనే ప్లేటు ప్లేటునకు ముల్లు మార్చవలసియుండెడిది. పాట వెనుక సన్నని వానచప్పుడువలె వినిపించు ఆ సవ్వడి రాతిదే.

ఈ పదియంగుళముల ప్లేటు నిమిషమునకు 78 చుట్లు తిరుగుచు మూడు నిమిషములకు అయిపోవును. ఆ మూడు నిమిషముల ఎల్ల మన సంగీతమును ఎంతో బాధించినది. గంటసేపు ఆలపింపదగిన రాగమును విద్వాంసులు చిటికెలో ముగింపవలసివచ్చినది. కాని తెలుగువారి కొక వరమున్నది: పద్యము. నాలుగు పాదములలో పూర్ణమగు పద్యమును రాగవిస్తారముతో పాడినను ప్లేటు చాలును. కనుకనే కపిలవాయి రామనాథశాస్త్రి వంటి నాటకగాయకుల పద్యములు నాటకసమాజము అడుగుపెట్టని పల్లెలకును ప్లేట్లమీద చేరినవి. తిరుపతివాసి శంకరంబాడి సుందరాచారి రచించిన తెలుగుతల్లి గీతము టంగుటూరి సూర్యకుమారి కంఠమున ప్లేటుకెక్కి, అచ్చుపుస్తకము చేయలేని పనిచేసి, తెలుగువారందరి నోటికిని వచ్చినది. కరుణశ్రీ పుష్పవిలాపము ఘంటసాల గొంతున వినినవారు మరునాడు పూలు కోయుటకు సంకోచించిరని మా ఇంటి ఆడవారు చెప్పుకొనుట నేను వినియున్నాను. ఆనాడు నేను పగులగొట్టిన ప్లేటు అదియే.

రెండవ ప్రపంచయుద్ధము లక్కకు కరవు తెచ్చినది. లక్కను యుద్ధసామగ్రికి మరల్చి అమెరికా ప్రభుత్వము 1942లో ప్లేట్ల తయారీకి కోత విధింపగా, క్రొత్త ప్లేటు కావలెనన్న పాతప్లేటు తెచ్చి ఈయవలసిన రోజులు వచ్చినవి. అదివరకే ప్రయోగదశలోనున్న వినైలు అను కృత్రిమపదార్థము ఈ కరవునుండి పైకి వచ్చినది. 1948లో కొలంబియా కంపెనీ వినైలుమీద సూక్ష్మమైన గాడితో, నిమిషమునకు ముప్పదిమూడు చుట్లకు ఇంచుక మించి, అనగా మూడు నిమిషములకు సరిగా నూరు చుట్లు తిరుగు లాంగ్ ప్లే రికార్డును విడుదల చేసెను. దానికి రాతిపొడి అక్కరలేదు. విసరినను పగులదు, వానచప్పుడు లేదు, ఒక్కొక్క వైపున ఇరువది నిమిషములకు పైగా పాట నిలుచును.

కాలము మారినను మన దేశమున పాతప్లేట్లు వెంటనే పోలేదు. విద్యుత్తులేని పల్లెలలో కీ పెట్టెలే దిక్కు గనుక, పాశ్చాత్యదేశములు 78 చుట్ల ప్లేట్లను వదలిన పిదపను డండంలో అవి తయారగుచునే యుండెను. లోకమంతయు క్రొత్తయుగధ్వనిగా ఎత్తుకొన్న బీటిల్స్ బృందపు పాటలుకూడ భారతదేశమున 1960లలో ఆ పాత ముద్దమీదనే ఒత్తబడినవనుట విన్న పడమటి సంగ్రాహకులు నేడు వానికై అంగలార్చుచున్నారు. ఆ బీటిల్స్ వారే 1967లో సార్జెంట్ పెప్పర్ ఆల్బముతో, ఎల్పీ యనగా కొన్ని పాటల మూట కాదు, మొదలు తుద గల ఒక్క కావ్యమని నిరూపించిరి. రాక్ సంగీతాభిమానులు నలువది యేబది యేండ్ల పిదప తమ ప్రియమైన ప్లేటును అట్టనుండి తీసి మరల వినుటలో పొందు తాదాత్మ్యము ఏమిటో, ఆ సంగీతము ఎరుగని మనకును బోధపడును. ఏలయన మనకును అట్టి ప్లేట్లు కలవు. 1974 ఫిబ్రవరి 11న ఘంటసాల కన్నుమూసిన పిదప వెలువడిన ఆయన భగవద్గీత ఒకటి. నేను మరల మరల తీసి వినునది మరియొకటి కలదు. దానిని గూర్చి చెప్పుటకు ముందు ముగ్గురాతి కథ ముగింపవలెను.

వినైలు ప్లేటు రాతిని వెలివేసినదని నేను చాలకాలము తలంచితిని. మంగంపేట పానుపు పెద్దయెత్తున తెరువబడిన 1970ల నాటికి లక్కప్లేట్ల కాలము చెల్లిపోయినది గనుక, ఈ రాయియు పాటయు ఒకరినొకరు ఎరుగక దాటిపోయినవని చింతించితిని. గనినుండి లారీలు ఎక్కడికి పోవుచున్నవని విచారించినంతట ఆ చింత తీరినది. నేడు ప్రపంచమున త్రవ్వితీయు ముగ్గురాతిలో అత్యధికభాగము చమురుబావులకు పోవును. బావి త్రవ్వు గొట్టము చుట్టును నింపు బురదలో ఈ పొడిని కలిపినచో ఆ బురద బరువెక్కి, పాతాళమునుండి ఎగదన్ను వాయువును చమురును అదిమిపట్టి, బావి పేలిపోకుండ కాపాడును. అట్లు పైకి వచ్చిన చమురునుండియు వాయువునుండియు ఇథిలీను తీసి, ఉప్పునుండి వచ్చు క్లోరినుతో కూర్చగా పుట్టునదియే వినైలు. తొలితరము ప్లేటునకు దేహమై నిలిచిన రాయి మలితరము ప్లేటునకు కంటికి కనబడని కాపరియైనది. దాని బరువు రెండుమారులును పాటకు పనికివచ్చినది.

ఇక రేకుల కథ. మంగంపేటకు రెండు మూడామడల దూరమున, రాజంపేట దాపున తాళ్లపాక కలదు. 1408లో అక్కడ జన్మించిన అన్నమాచార్యుడు 1503లో పరమపదించువరకు వేంకటేశ్వరునిపై 32,000 సంకీర్తనములు రచించెనని ప్రతీతి. ఆయన సంతతివారు వానిని రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయమున, హుండీకి ఎదురుగానున్న చిన్న అరలో భద్రపరచిరి. ఆ అరకు సంకీర్తనభాండారమని పేరు. పాటను లోహపు పలకపై గీతలుగా గీసి రాబోవు తరములకు దాచవలెనను సంకల్పము ఎడిసన్, బెర్లినర్లకు మూడు శతాబ్దములకు ముందే మన సీమలో ఒక ఇంటివారికి కలిగినదనుట తలంచినప్పుడు నా ఒడలు గగుర్పొడుచును.

అయినను దాచుట వేరు, పాడుట వేరు. రేకులు అరలో పదిలముగానే యుండెను. లోకము వానిని మరచెను. 1816లో ఎ. డి. క్యాంబెల్ తన తెలుగు వ్యాకరణమున వాని ప్రసక్తి తెచ్చినను, 1922 ప్రాంతమున సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి కృషివలన రేకులు వెలుగు చూచువరకు వాని మౌనము వీడలేదు. వేటూరి ప్రభాకరశాస్త్రి, అనంతపురపు సీమ బిడ్డడైన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి మహనీయులు వానిని పరిష్కరించి ప్రకటించిరి. అప్పుడొక విషాదము బయటపడినది. ప్రతి పాటకు తలపై రాగము పేరున్నది. ఆ రాగమున ఆ పాట నడిచిన వరుస మాత్రము లేదు. రాగి పదమును కాపాడినది, కంఠమును కాపాడలేకపోయినది. లక్కయు రాయియు చేసిన పని ఎంతటిదో నాకు ఇక్కడ తెలిసివచ్చినది. అన్నమయ్య నాటికి ముగ్గురాయి మంగంపేట మట్టిక్రింద ఉన్నది, లక్క అడవిలో ఉన్నది, రాగి ఆయన ఇంటివారి చేతనే ఉన్నది. గొంతు నిలుపు విద్య మాత్రము ఇంకను పుట్టలేదు.

పోయిన వరుసలు పోగా, రాళ్లపల్లి, నేదునూరి కృష్ణమూర్తి మొదలగు విద్వాంసులు ఆ పదములకు క్రొత్త వరుసలు కట్టిరి. తిరుమల తిరుపతి దేవస్థానము పూనికతో ఎం. ఎస్. సుబ్బులక్ష్మి స్తోత్రములతోపాటు అన్నమయ్య కీర్తనలను పాడగా, 1980 ప్రాంతమున అయిదు ఎల్పీల బాలాజీ పంచరత్నమాల వెలువడినది. రాగిరేకు వినైలు రేకైనది. నేను మరల మరల తీసి వినునది ఇదియే.

కేసెట్ల వెల్లువలో మా ఇంటి ప్లేట్లన్నియు అటకకెక్కి ఇరువదియేండ్లకు పైగా అక్కడనే యుండెను. ఒక వేసవిలో వానిని దింపితిని. అట్ట అంచులను చెదలు రుచిచూచినవి. ప్లేటు మాత్రము చెక్కుచెదరలేదు. మెత్తనిగుడ్డతో గాడి వెంబడి తుడిచి, జేజి మాట తలంచుకొని అంచు పట్టి, పళ్లెముపై నిలిపి ముల్లు దించితిని. మొదట రెండు మూడు చిటపటలు, పిదప తంబుర, ఆ తంబురలోనుండి, తలుపు తీసికొని వచ్చినట్లుగాక అంతకుముందే ఆ గదిలో ఉన్నట్లుగా, ఆ గొంతు. రాధా విశ్వనాథన్ గొంతు దానిని నీడవలె అంటిపెట్టుకొనియుండెను. రెండవ కీర్తన నడుమ ఒకచోట గీతపడి ముల్లు ఒక చుట్టు ఎగిరిపోవును. ఆ గీత వేసినది బాల్యమున నా చెల్లెలు. వేరొకచోట, ఏ లోపమును లేని ప్రతిని వినునప్పుడు ఆ స్థానము రాగనే నా మనస్సు ఎగిరిపడుటకు సిద్ధమై, ఏమియు జరుగకపోగా చిన్నబోవును. మా ఇంటి పాటలో ఆ గీతయు ఒక గమకమే.

ఇరువది నిమిషములకు ఆ వైపు అయిపోవును. లేచి వెళ్లి త్రిప్పవలెను. దీనిని అసౌకర్యమనువారితో నాకు వివాదము లేదు. కాని సంకీర్తనభాండారపు కథ వినిన పిదప ఆ లేచుటనే నేను ఆరాధించుచున్నాను. రాగిరేకులు నశింపలేదు, మూడు శతాబ్దములకు పైగా ఎవ్వరును లేచి తీయలేదు, అంతియే. రాయి ఎంత బరువైనను, రాగి ఎంత దృఢమైనను, వినైలు ఎంత చిరంజీవియైనను, అరలోనున్నంతవరకు అవి రాయి, రాగి, వినైలు మాత్రమే.

మా జేజి పోయి చాలకాలమైనది. ఆమె వేసిన ముగ్గు ఒక్కటియైనను మిగులలేదు, మిగులునని ఆమె ఆశింపనులేదు. మాపటికి త్రొక్కుడుపడి చెరిగిపోవునని తెలిసియే ప్రతి ఉదయమును అదే శ్రద్ధతో వేసెడిది. చుక్కల లెక్క ఆమె చేతినుండి మా అమ్మ చేతికి, అమ్మ చేతినుండి నా చెల్లెలి చేతికి వచ్చినది. కనుక ముగ్గు ఉన్నది. మంగంపేటనుండి తెచ్చిన ముగ్గురాతిముక్కను నేను ప్లేట్ల ప్రక్కన ఉంచుకొన్నాను. ఈ సాయంకాలము అయిదు ప్లేట్లలో మూడవది వినవలసియున్నది.